మొక్కని గుండిగ

బియ్యం కడుగుతూ కడుగుతూ చేతిని నీళ్లలోనే ఉంచి, ఎల్లక్క రోడ్డు పొడవునా చూసింది. జనగామ బయట వరంగల్ పోయే పెద్దరోడ్డు మీద ఒక్క బస్సు లేదు. సమ్మె మొదలైన నాటి నుంచి ఆ తారు మీద ఎండ తప్ప ఏమీ నడవడం లేదు. ఇవాళ అక్కడే పొయ్యిలు పెట్టారు. వంటావార్పు. అన్ని కులాలూ మతాలూ రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే కూర్చుని తిని, తెలంగాణ అడుగుతాయి.

ఎల్లక్క పెళ్లిళ్లకూ దినాలకూ వండే మనిషి. ముంజేతుల నిండా గంజి కాలిన మచ్చలు. పొగకు ఎర్రబారి, ఎప్పుడూ ఏడ్చి లేచినట్టుండే కళ్లు. నడుము వంగి చాలా ఏళ్లయింది. గుండిగ ముందు నిలబడినప్పుడు మాత్రం ఆ వంపు పని కోసమే వచ్చినట్టు ఉంటుంది.

ఇవాళ అన్నానికి రెండు గుండిగలు. పెద్దదానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. చిన్నదానికి ఏమీ చేయలేదు. చర్చివాళ్లు దేవతకు మొక్కిన అన్నం తినరు. అది వాళ్ల కోసం. అందరం ఒకటేనని చెప్పే చోట వేరే పొయ్యి ఏమిటని కమిటీ పెద్ద రాజలింగం విసుక్కున్నాడు. ఎల్లక్క వినలేదు. ఆ చర్చివాళ్లలో తన కూతురు ఉంది.

పెళ్లయ్యాక వనజకు రెండుసార్లు కడుపు నిలవలేదు. చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసే అల్లుడు ఆమెను ప్రార్థనకు తీసుకుపోయాడు. అప్పటి నుంచి పుట్టింటికి వచ్చినా వాకిట్లో వేరే రాళ్లు పేర్చుకుని వండుకునేది. తల్లి పక్కనే కూర్చుని, నవ్వుతూ మాట్లాడుతూ, తన గిన్నెలోది తాను తినేది. ఈసారి కడుపు నిలిచింది. ఏ దేవుడు నిలబెట్టాడో ఎల్లక్క అడగలేదు. ఏడో నెలలో దవాఖానకు వచ్చి, బస్సులు లేక, ఊళ్లోనే ఉన్న తల్లి ఇంట్లో కాక డేవిడ్ పాస్టర్ ఇంట్లో ఉండిపోయింది. భోజనాలయ్యాక ఆయన జీపులోనే చెల్పూర్ పోతుంది. కాన్పు అక్కడే. మళ్లీ చూస్తానో చూడనో అని ఎల్లక్కకు వారం నుంచి నిద్ర లేదు. పోయేలోగా తన చేతి అన్నం ఒక్క ముద్ద ఆ పిల్ల తినాలి. తెలంగాణ ఎప్పుడొచ్చినా సరే.

ఉల్లిగడ్డలు కోస్తున్న జైనబీ నవ్వింది. "కోడిని మావోడు కోస్తే మాకు సాలు ఎల్లక్కా. అన్నానికేం మతం?"

"నీకేంది, నీ బిడ్డ నీ ఇంట్ల తింటది."

జైనబీ కోసిన ముక్కలను ఎల్లక్క వైపు జరిపింది.

టెంటు కింద రాజలింగం, పాస్టర్ వాదించుకుంటున్నారు. దేవుడు ఒక్కడే, పేర్లే వేరని రాజలింగం అన్నాడు. అట్ల కలిపేస్తే నీ మాటా విననట్టే, నా మాటా విననట్టే అన్నాడు పాస్టర్. ఈ మొక్కిన అన్నం చిక్కు కొత్తది కాదని, ఎక్కడో దూరదేశంలో, ఎప్పటి కాలంలోనో తమ పెద్దలకూ వచ్చిందని చెప్పాడు. ఎవరు పెట్టినా అడగకుండా తినమన్నారట. ఇది మొక్కినదని ఎవరైనా చెప్తే మాత్రం తినొద్దన్నారట. చూడని దేశపు ఆ మాట ఎల్లక్కకు నచ్చింది. పెట్టేవాళ్ల మనసు ఎరిగినవాళ్లు అన్న మాటలా ఉంది.

చిన్న గుండిగ గంజి వార్చి, మూత తీసి, మెతుకు పట్టి చూసింది. ఉడికింది. ఆ చేయి అక్కడితో ఆగలేదు. నాలుగు మెతుకులు కళ్లకద్దుకుని, "పోచమ్మ తల్లీ, పిల్లను సల్లగ సూడు" అంటూ మంటలో వేసింది. వేశాక గాని తెలియలేదు. ఇన్నేళ్లుగా ప్రతి పొయ్యి దగ్గరా చేసిన పని అది. మెతుకులు నల్లబడి మాడిపోయాయి. ఎవరూ చూడలేదు. మళ్లీ వండడానికి బియ్యం లేవు. జనం వరుసల్లో కూర్చున్నారు.

పొయ్యి పక్కన నీడలో వనజకు మోదుగాకు విస్తరి వేసి, అన్నం కుప్పపోసి, నడుమ గుంట చేసి పప్పు పోసింది.

"మంచి వాసనొస్తుందే అవ్వా." వనజ ఏమీ అడగలేదు. చేయి కడుక్కుంది.

"జర ఆగు బిడ్డా."

"ఏమైంది?"

"అలవాటుల మెతుకులు పొయ్యిలేసిన. పోచమ్మకు మొక్కిన. నీ గుండిగలయే."

వనజ చేయి విస్తరి మీద గాలిలోనే ఆగింది. "ఎందుకు చెప్పినవే? చెప్పకపోతే తినేదాన్ని గద."

"రేపు ఎట్లనో తెలిసి, నీకేమన్న అయితే గీ అన్నం వల్లనే అనుకుంటవు. నువ్వు తినకున్నా మంచిదే గని, గా మాట అనుకోవద్దు."

చేయి ఒళ్లోకి తీసుకుని వనజ అడిగింది. "ఎవలి కోసం మొక్కినవ్?"

"ఇంకెవలి కోసం మొక్కుత?"

వనజ ఇంకో విస్తరి తీసి అన్నం మీద బోర్లించింది.

అంతలో చారు కోసం రాజలింగం పిలిచాడు. ఎల్లక్క వరుసలన్నీ తిరిగింది. ఎవరి ముందు ఏం వడ్డించిందో ఆమెకు తెలియదు. జై తెలంగాణ అని అరుస్తున్న గొంతుల మధ్య జీపు హారన్ వినబడింది. గరిటెతోనే పరుగెత్తింది. వనజ అప్పటికే వెనక సీట్లో కూర్చుంది. పైలంగ ఉండు అవ్వా అని మాత్రం జాగ్రత్త చెప్పింది. జీపు ఖాళీ రోడ్డు మీద చిన్నదై, కనబడకుండా పోయింది.

ఆవుకు పెడదామని ఎల్లక్క పొయ్యి దగ్గరికి వచ్చి పై విస్తరి తీసింది. అన్నం కుప్ప ఒక పక్క తెగి ఉంది. ఒక్క ముద్ద తక్కువ.

ఎల్లక్క పై విస్తరిని పక్కన పెట్టింది. తెలిసీ తిన్నది. ఆ భయం వెంటబెట్టుకుని ఎంత దూరం పోవాలో పిల్ల. దండం పెట్టబోయి, ఎవరికి పెడితే ఎవరికి కోపమోనని చేతులు దించుకుంది.

విస్తరిలో చల్లారిన పప్పు, అన్నం మీది వేళ్ల గుర్తుల్లోకి మెల్లగా దిగుతూ ఉంది.