తాళం వేసిన మరుగుదొడ్డి

పసిపిల్లల బడి వెనక కొత్త మరుగుదొడ్డి కట్టి నెలలు దాటాయి. పిల్లల ఎత్తుకు తగ్గ చిన్న చిన్న కమోడ్లు, చేతికందే కుళాయిలు, గోడ మీద నీలం చేపల బొమ్మలు. అన్నీ ఉన్నాయి, తలుపుకి గుప్పెడంత తాళం కూడా ఉంది. అదేమిటయ్యా అంటే, ప్రారంభోత్సవం కాలేదట! డబ్బిచ్చిన కంపెనీ, దగ్గరుండి కట్టించిన సేవాసంస్థ, స్థలమిచ్చిన ప్రభుత్వ ఆఫీసు, ఈ ముగ్గురిలో రాతిపలక మీద ఎవరి పేరు పైనుండాలో తేలలేదట. అది తేలేదాకా పసివాళ్ళు గోడ వెనక పిచ్చిమొక్కల్లోకి పోవాలి.

వాళ్ళలో చిట్టి మాత్రం పోదు. ఒకసారి అక్కడ కుక్క వెంటపడింది, అంతే. సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఉచ్చ బిగబట్టుకుంటుంది. జ్వరమొస్తే డాక్టరు చూసి, "ఇలాగే సాగితే మూత్రపిండాలు దెబ్బతింటాయమ్మా" అని తల్లిని కసిరాడు. బట్టలు కుట్టి బతికే ఆ తల్లి మిషను వదిలేసి బడికి పరిగెత్తింది.

"నన్నేం చెయ్యమంటావు తల్లీ? తాళం తీస్తే నా ఉద్యోగం ఊడుతుంది" అంది టీచరమ్మ.

ఈ వ్యవహారంలో చిట్టి తల్లి కూడా భాగస్వామేనండోయ్! తల్లిదండ్రుల తరఫున ఆమెను బడి కమిటీలో వేసుకున్నారు. కుర్చీ ఇచ్చారు గానీ నోరు తెరవడానికి సందివ్వలేదు. ఈసారి మాట్లాడి తీరాలనుకుని, చిట్టిని చంకనేసుకుని బడిలో జరిగే కమిటీ సమావేశానికి వెళ్ళింది.

'బాలల హక్కుల కోసం చేయీ చేయీ కలుపుదాం' అన్న బ్యానరు కింద పెద్దలు ఒకరి మీద ఒకరు లేస్తున్నారు. డబ్బు మాదంటుంది కంపెనీ ఆవిడ. చెమట మాదంటాడు సంస్థాయన. స్థలం లేకపోతే ఆకాశంలో కట్టేవారా అంటాడు ఆఫీసరు.

"అయ్యా, పేర్ల సంగతి తర్వాత చూసుకోండి. ముందు తాళం తియ్యండి, పిల్లకి ఒంట్లో బాగాలేదు" అంది తల్లి.

"కాస్త ఓపిక పట్టమ్మా. ఇన్నాళ్ళు ఆగినవాళ్ళు ఇంకో వారం ఆగలేరా?" అన్నాడు ఆఫీసరు, టీ చప్పరిస్తూ.

ఆ టీయే ఆయన కొంప ముంచింది. కాసేపటికి కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఆ తర్వాత టీచరమ్మ చెవిలో ఏదో గొణిగాడు. ఆవిడ ఉలిక్కిపడి లేచి, తాళంచెవి తీసుకుని ఆయన్ని బడి వెనక్కి తీసుకెళ్ళింది.

చిట్టి తల్లి ఒళ్ళు భగ్గుమంది. పిల్లనెత్తుకుని వెనకాలే వెళ్ళింది. మిగతావాళ్ళూ ఏమైందో అని కదిలారు. ఆఫీసరు తడిచేతులు తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"ఏం సారూ, ఓపిక పట్టలేకపోయారా? వారమాగాలి కదా! మీకు పట్టుమని పావుగంట ఆగలేదే, నాలుగేళ్ళ పిల్లకెలా ఆగుతుంది? అయ్యవారొచ్చేదాకా అమావాస్య ఆగుతుందా?"

"గొంతు తగ్గించి మాట్లాడమ్మా, పెద్దవాళ్ళున్నారు" అన్నాడు ఆఫీసరు.

"పెద్దవాళ్ళా? పిల్లల దొడ్డికి తాళమేసి పిల్లల హక్కుల మీద టీలు తాగుతున్నారు. సిగ్గులేదూ?"

తల్లి టీచరమ్మ చేతిలోంచి తాళం లాక్కుని గోడవతలకి విసిరికొట్టింది. ఎవరూ అడ్డం రాలేదు. టీచరమ్మ అయితే పక్కకి తిరిగి ఊపిరి పీల్చుకుంది.

చిట్టిని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. పిల్ల కాళ్ళు నేలకానాయి. చేపల్ని చూసి నోరు తెరిచింది.

కంపెనీ ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయ్యో, ఎంత బాగుందో! మన మొదటి పాప! ఫోటో తీయండి, ఫోటో! అందరం కలిసి నిలబడదాం" అంటూ ఫోను చాపుతూ గుమ్మంలోకి తోసుకొచ్చింది. సంస్థాయన ఆమెకు ఎడంపక్క సర్దుకున్నాడు. ఆఫీసరు చొక్కా సరిచేసుకుని మధ్యలోకి దూరాడు. అందరూ ఒక్కటైపోయారు, ఇన్నాళ్ళకి.

చిట్టి తలెత్తి చూసింది. గుమ్మం నిండా మొహాలు. గౌను మోకాళ్ళ మీదికి లాక్కుంది. ఉచ్చ రాలేదు.

"అమ్మా," అంది ఏడుపుగొంతుతో, "వీళ్ళని పొమ్మనవా."

తల్లి ఫోనుని చేత్తో నెట్టేసి, ముగ్గురి మొహాల మీదా తలుపేసింది.