చారల మెట్టతామర

పార్కు తోటమాలి గొంతుక్కూర్చుని మెట్టతామర ఆకులను ఒక్కొక్కటే తిరగేసి చూస్తున్నాడు. ఆకుల ఈనెల పక్కనుంచి పసుపు చారలు అంచుదాకా పాకాయి. కొత్త ఆకులు ముడుచుకుపోయాయి. ఎర్రగా విరియాల్సిన పువ్వులు మచ్చలు పడి చిన్నబోయాయి. ఆకుల అడుగున పేనుబంక పురుగులు. బలం చాలలేదేమోనని ఎరువు వేశాడు, మందు కొట్టాడు. అంతా బూడిదలో పోసిన పన్నీరే అయింది. ఇది వైరస్ తెగులు. పీకి తగలబెట్టడం తప్ప దీనికి వైద్యం లేదు.

తప్పెక్కడ జరిగిందో అతనికి తెలుసు. మొదట ఒక్క మొక్కకే చారలొచ్చాయి. చూసినవాళ్లంతా ఎంత బాగుందోనన్నారు. దాంతో మనిషి ఉబ్బితబ్బిబ్బయి, ఆ దుంపనే ముక్కలు కోసి గట్టు పొడుగునా నాటాడు. అదే కత్తితో మంచి దుంపలూ కోశాడు. తెగులును తానే పల్లకీలో ఊరేగించాడన్నమాట.

మధ్యాహ్నానికి వరసంతా పీకి, కుప్పపోసి నిప్పంటించాడు. ఇన్నేళ్ల కొలువులో చేతులారా నాటినవి చేతులారా తగలబెట్టడం ఇదే మొదటిసారి. కానీ అతని గుబులంతా ఇంటి కిటికీలో ఉన్న కుండీ గురించే. అదీ ఆ దుంప ముక్కే. డాక్టర్లు ఇక చేసేదేం లేదని పంపించేశాక, మంచం దిగని భార్య రోజంతా చూసేది దాన్నే. ఆమెకు ఏమని చెప్పాలి?

సాయంత్రం చెప్పులు విడవకముందే ఆమె పసిగట్టింది.

"మొహం వేలాడేశావేం?"

చెప్పాడు. ఆమె నవ్వింది.

"ఎవరైనా పొగిడితే చాలు, నీకు ముందూ వెనకా కనపడదు. కాపురానికొచ్చినప్పటినుంచీ చూస్తున్నాగా." కిటికీలో కుండీ చూపించి అడిగింది. "దీన్నీ పీకేస్తావా?"

అతను కుండీ వైపు చూశాడు. పీకాలనే అనుకుంటూ వచ్చాడు.

"ఇక్కడ దీన్నుంచి అంటుకోడానికి ఇంకో మొక్క లేదుగా. ఉండనీ. పేనుబంక పట్టకుండా సబ్బునీళ్లతో కడుగుతుంటాను. దీనికి మాత్రం వేరే కత్తి వాడాలి. మర్చిపోయి దాన్ని పార్కుకి పట్టుకెళ్లానంటే కొంప మునుగుతుంది."

"నీ మతిమరుపు నాకు తెలీదా? ఆ కూరగాయల కత్తి ఇటియ్యి."

గుర్తుగా ఉంటుందని, ఎర్రగుడ్డ పేలిక ఒకటి తీసి పిడికి చుట్టడం మొదలుపెట్టింది. అతన్ని సాయం పట్టనివ్వలేదు. అతను పాలు వెచ్చబెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి ఆమె తల కిటికీ వైపు వాలి ఉంది. పిలిచాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. గ్లాసు కింద పెట్టి, మంచం పక్కన కూలబడి పసివాడిలా ఏడ్చాడు.

ఆమె ఒళ్లో కత్తి ఉంది. ఎర్రగుడ్డ పిడి చుట్టూ రెండు చుట్లు తిరిగి, ముడి పడకుండా వేలాడుతోంది.