ఇచ్చోడలో నొక్కాల్సిన బటన్

సర్వర్లను దూరం నుంచి చూసుకునే రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లు నాలుగింటిని పోల్చి పట్టిక ఇమ్మని విద్యాసమితి కార్యదర్శి జైపాల్‌రావు అడిగి వారం దాటింది. రాజేశం పట్టిక దాదాపు పూర్తి చేశాడు. ఒక్క గడి దగ్గర ఆగిపోయాడు.

ఆయన కరీంనగర్ బడిలో లెక్కల సారు. కంప్యూటర్ల మీద ఇష్టం కొద్దీ జమ్మికుంట, ఆసిఫాబాద్, ఇచ్చోడల్లోని సమితి బడుల సర్వర్లు కూడా తనే చూస్తాడు. ప్రతి చిన్న పనికీ బస్సెక్కలేక, మూడేళ్ల కిందట ఒక సాఫ్ట్‌వేర్ ఎంచి అన్నిచోట్లా పెట్టాడు. నెట్ ఎంత నీరసంగా ఉన్నా అది నడిచేది. ఆయనకు అదే చాలనిపించింది. ఇబ్బంది ఒక్కటే. ఆయన ఇక్కణ్నుంచి లోపలికి వెళ్లాలంటే, అక్కడ ఎవరో ఒకరు సర్వర్ ముందు కూర్చుని తెర మీద వచ్చే 'అనుమతించు' బటన్ నొక్కాలి.

ఇచ్చోడలో నొక్కే మనిషి అటెండర్ బుచ్చిరాములు. సర్వర్ ఉన్న రేకుల గదిలోకి నెట్ తీగ మీద వస్తుంది గానీ ఫోన్ సిగ్నల్ అందదు. అందుకని ఇద్దరూ తెర మీద నోట్‌ప్యాడ్ తెరిచి అందులోనే మాట్లాడుకునేవారు. బుచ్చిరాములు ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'వచ్చిన, సారు' అని కొట్టేవాడు. కొన్నాళ్లకు చెయ్యి తిరిగి హాస్యాలు కూడా మొదలుపెట్టాడు. 'బడికి హెడ్మాస్టర్ ఎవలైనా గానీ, దర్వాజ మాత్రం నాదే సారు' అని ఒకసారి రాశాడు. రాజేశం ఆ మాటను స్టాఫ్ రూములో చెప్పి నవ్వించాడు.

మొన్న మే నెలలో ఒక ఆదివారం రాజేశానికి తీరిక దొరికింది. సర్వర్‌కు అప్‌డేట్ పెట్టాలి. సోమవారం పెట్టినా గడిచేదే. ఫోన్ చేస్తే బుచ్చిరాములు మూడు కిలోమీటర్లు సైకిల్ తొక్కుకుంటూ వచ్చి బటన్ నొక్కాడు. అప్‌డేట్ సాగుతుండగా నోట్‌ప్యాడ్‌లో ఒక వరుస వచ్చింది. 'జర నీళ్లు తాగొస్త సారు.' మధ్యలో సర్వర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, బటన్ మళ్లీ వస్తుంది. రాజేశం కింద రాశాడు. 'జర ఆగు అన్నా, అయిపోతది.' నలభై నిమిషాలు పట్టింది. బుచ్చిరాములు కదల్లేదు. పని ముగిశాక ఇంటికి పోతూ హైవే పక్కన సైకిల్ మీంచి పడిపోయాడు. ఎండదెబ్బ అన్నారు. సాయంత్రానికి లేడు.

దినాలకు వెళ్లినప్పుడు అతని భార్య సమ్మవ్వ, సెలవు రోజున అంత పని ఏం పడిందని అడిగింది. ఆ సాఫ్ట్‌వేరే అట్లాంటిది వదినే, మనిషి లేనిది తెరుచుకోదు అని చెప్పాడు రాజేశం. అప్పుడు ఆయన ఆ మాట నమ్మే చెప్పాడు.

ఇప్పుడు పట్టికలో ఆయన ఆగిపోయిన గడి 'అవతల మనిషి ఉండాలా?' అన్నదే. పాత సాఫ్ట్‌వేర్ ఎదురుగా 'ఉండాలి' అని రాసి, లెక్కల సారు గనుక ఒకసారి సరిచూసుకుందామని దాని సెట్టింగ్స్ తెరిచాడు. మూడో పేజీకి ఆయన ఎన్నడూ పోలేదు. అక్కడ ఒక చిన్న గడి ఉంది. దానికి టిక్కు పెట్టి పాస్‌వర్డ్ ఇస్తే అవతల ఎవరూ అక్కర్లేదు. తన బడి సర్వర్ మీద చేసి చూశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ గడి మొదటి రోజు నుంచీ ఉన్నదే.

జైపాల్‌రావు ఫోన్ చేసి పట్టిక ఏమైందన్నాడు. ఆ పాతది పనికిరానిదని గట్టిగా రాయమన్నాడు, దాని మూలంగానే కదా పాపం ఆ మనిషి పోయింది అన్నాడు. రాజేశం సరేనని ఫోన్ పెట్టేశాడు. రాస్తే సరిపోతుంది. కొత్తది వస్తుంది, పాతదాన్ని తీసేస్తారు, మూడో పేజీ ఎవరూ చూడరు.

రెండు రోజులు ఆ కాగితాన్ని బల్ల సొరుగులో ఉంచాడు. మూడో రోజు 'ఉండాలి' కొట్టేసి కింద ఇలా రాశాడు: 'పాతదే చాలు. మనిషి లేకుండా తెరుచుకునే వీలు ఇందులో మొదటి నుంచీ ఉంది. నేను చూడలేదు.' సంతకం చేసి పంపాడు.

ఇక్కణ్నుంచి ఇచ్చోడ సర్వర్‌లో టిక్కు పెట్టాలంటే అక్కడ మరొక్కసారి ఎవరో బటన్ నొక్కాలి. ఇప్పుడు భర్త కొలువులో అక్కడ అటెండర్ సమ్మవ్వే. ఆమెకు ఫోన్ చేయడానికి చెయ్యి రాలేదు. సెలవు పెట్టి బస్సెక్కాడు.

సమ్మవ్వ తాళం తీసి స్టూలు తుడిచింది. ఆయన కూర్చోలేదు. నిలబడే సంగతంతా చెప్పాడు, నీళ్ల మాటతో సహా. ఆమె తెర వైపే చూస్తూ విన్నది.

"గా టిక్కు పెట్టుటానికి ఎంత సేపు పడుతది సారూ?"

"రెండు నిమిషాలు."

"ఆయన మూడేండ్లు కూసున్నడు గీ డబ్బ ముందట. ఒక్కసారి చెప్పినా ఆయనే పెట్టుకుంటుండె."

"నాకే ఎరుక లేకుండె వదినే. చూడాల్సింది నేను. చూడలే."

ఆమె తిట్టలేదు. పోనీ అని కూడా అనలేదు. "పెట్టుండ్రి మరి" అన్నది.

పెట్టాడు. పని చేస్తుందో లేదో గదిలో మనిషి లేకుండా చూడాలి. ఇద్దరూ బయటికి వచ్చారు. సమ్మవ్వ తలుపు మూసి తాళం వేసింది. సిగ్నల్ అందే చోట, వరండా చివర, రాజేశం ల్యాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టాడు. ఇచ్చోడ తెర వెంటనే వచ్చింది. బాణం గుర్తు ఖాళీ తెర మీద నిలబడి ఉంది.

"వచ్చిందా?"

"వచ్చింది."

సమ్మవ్వ వెనక్కి వెళ్లి తాళం పట్టుకుని లాగి చూసింది. అది వేసినట్టే ఉంది.