కుళ్ళు తెలిసిన వేళ్ళు

సొలాంజ్ ద్రాక్షగుత్తిని అరచేతిలోకి తీసుకుని, వాసన చూసి, ఆ తరవాతే కత్తెర పెట్టింది. సిరోన్ ఏటి మీద నుంచి లేచిన పొగమంచు తోటలో ఇంకా విడవలేదు. ఈ మంచే ద్రాక్షకు బూజు పట్టిస్తుంది. బూజు పట్టి ముడతలు పడిన పండుతోనే ఈ సొతెర్న్ ఊళ్ళో తీపి వైన్ చేస్తారు. లోకమంతా పారేసే పండుని ఈ ఊరు కళ్ళకద్దుకుంటుంది.

కాని కుళ్ళులోనూ మంచీ చెడూ ఉన్నాయి. మంచి కుళ్ళు తేనె వాసన వేస్తుంది, చెడ్డది పుల్లగా ముక్కు పగలగొడుతుంది. అలాంటివి నాలుగు గుత్తులు పడితే పీపా పాడైనట్టే. ఆ రెంటినీ చూపుతో విడదీయడం వేసవి నుంచి సొలాంజ్‌కి చేతకావడం లేదు. డెబ్భై ఒకటో ఏడు, కళ్ళకి పొర కమ్మింది. నలభై రెండు కోతలు కోసిన మనిషి, ఆ మాట ఎవరితోనూ అనలేక వేళ్ళతో, ముక్కుతో నెట్టుకొస్తోంది. పొట్టి మనిషి. ఒంటి మీద పోయిన మొగుడి కోటు, గోళ్ళ సందుల్లో ఎండిన జిగట, కత్తెర పిడికి ఎర్ర ఊలు.

నిన్న అందరూ గుమ్మరించిన తొట్టిలో పుల్లటి కుళ్ళు పట్టిన గుత్తి ఒకటి దొరికింది. మేస్త్రీ ఆన్సెల్మ్ పొద్దున్నే చెప్పేశాడు, "ఇవాళ ఎవరి బుట్ట వాళ్ళదే. వరస చివర చూస్తా." అప్పటి నుంచి సొలాంజ్‌కి అదే భయం. ఈ ఏటి కోతలు ఇవాళ్టితో ఆఖరు. మానేద్దామనే ఉంది ఆమెకి, నడుము ఎప్పటి నుంచో మొర పెట్టుకుంటోంది. కాని ఇన్నేళ్ళు కోసి, చివరికి పట్టుబడి పోవడమా?

"ఏంటక్కా, గుత్తులకి ముద్దులు పెడుతున్నావా?" పక్క వరసలోంచి జినెత్ అంది. "ఎద్‌మోన్ బావకైనా ఇన్ని పెట్టావా?"

"మీ బావ ఇంత తియ్యగా ఎక్కడుండేవాడే!"

నవ్వుతూనే ఇంకో గుత్తిని ముక్కుకి ఆనించుకుంది.

వరస చివర ఆన్సెల్మ్ బుట్ట అడుగుదాకా చెయ్యి పెట్టి ఒక్కో గుత్తీ తిప్పి చూశాడు. అతని మొహంలో ఏముందో ఆమెకి మసకమసకగా కూడా తెలియలేదు.

"అద్దంలా ఉంది పెద్దమ్మా," అన్నాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. "నిన్నటిది నాదే అయ్యుంటుంది. ఇందాక నా బుట్ట జినెత్‌కి చూపిస్తే అలాంటిదే ఇంకోటి దొరికింది. తొందరలో కోసేశా. జలుబు కదా, వాసనా తెలియట్లా."

"కంచే చేను మేసింది!" జినెత్ పగలబడి నవ్వింది.

సొలాంజ్ అక్కడే గట్టు మీద చతికిలబడింది. ఎన్నాళ్ళకో ఊపిరి నిండుగా ఆడింది.

మధ్యాహ్నం షెడ్డులో కోత ముగింపు భోజనం. కాల్చిన కోళ్ళు, నీలి బూజు జున్ను, యజమాని పంపిన పాత వైన్ సీసాలు.

"పట్నం వాళ్ళు దీన్ని కేకుతో తాగుతారంట," జినెత్ మూతి విరిచింది. "తీపి మీద తీపి పోస్తే నాలిక మొద్దుబారదూ? ఉప్పు తగలాలి గాని!"

సొలాంజ్ ఉప్పగా కరకరలాడే కోడి తోలు నమిలి, ఒక గుక్క తాగింది. ఎద్‌మోన్ ఉన్నప్పటి ఆదివారాల రుచి. ఇక భయం లేదు కాబట్టి నోరు విప్పింది.

"నాకు చూపు ఆనట్లేదురా ఆన్సెల్మ్. వచ్చే ఏడు రాను."

"తెలుసులే పెద్దమ్మా. కళ్ళున్న నాకంటే నీ ముక్కే నయం."

ఆ మాటకి ఆమె తనివితీరా నవ్వింది. గ్లాసు ఖాళీ చేసి, కోటు బొత్తాలు పెట్టుకుని, ఎండ కాస్తున్న బాట పట్టింది. రేపు మంచులో లేవక్కర్లేదు.

"అక్కా, కత్తెర మరిచిపోయావు!" జినెత్ గుమ్మంలోంచి కేకేసింది.

"మరిచిపోలేదే," అంది సొలాంజ్, వెనక్కి తిరక్కుండానే.

బల్ల మీద, కోడి ఎముకల పళ్ళెం పక్కన, ఎర్ర ఊలు చుట్టిన కత్తెర ఉండిపోయింది. దాని అంచున ఎండిన తియ్యటి జిగట మీద ఒక ఈగ వాలింది.