సర్ది పట్టిన సెలవు

కోరుట్లలో ఓ ఫంక్షన్ హాలును ఊడ్చి, కడిగి, కుర్చీలు సర్దే పని లతది. దసరాకు ముందు డాక్టరమ్మ ఆమె రక్తపరీక్ష చూసి, షుగరు అంచు దాకా వచ్చిందని, ఇప్పటి నుంచే రోజూ నడవమని చెప్పింది. పొద్దంతా కాళ్ల మీద ఉండేదానికి మళ్లీ నడకేమిటని మొదట నవ్వుకుంది లత. కానీ వదినె శాంత తెల్లారగానే గేటు దగ్గరికి వచ్చి పిలవడం మొదలుపెట్టాక అలవాటైపోయింది. ఇద్దరూ బైపాసు దాకా పోయి వచ్చేవాళ్లు. ఇంట్లో అనలేని మాటలన్నీ ఆ దారిలో అనేసుకునేవాళ్లు. కొన్నాళ్లకు లతకు మోకాళ్ల నొప్పులు తగ్గాయి, పడుకోగానే నిద్ర పట్టడం మొదలైంది.

డిసెంబరులో మూఢం. పెళ్లిళ్లుండవు, హాలు ఖాళీ. ఓనరు మహేశ్ సెలవిస్తానన్నాడు. కొండగట్టు గుడికి పోయి, ఘాట్ రోడ్డున కాకుండా మెట్ల దారిన ఎక్కుదామని, అటునుంచి చందుర్తిలో లత తల్లిగారింట్లో రెండు రోజులు ఉండి వద్దామని వదినా మరదళ్లు అనుకున్నారు. లత కొత్త చెప్పులు కూడా కొనుక్కుంది.

సర్ది ముందు కొడుకు అజయ్‌ని పట్టుకుంది. వాడి నుంచి వాడి నాయన రాజమల్లుకు అంటింది. రాజమల్లు ఆటోను ఇంటి ముందు నిలిపేసి దుప్పటి కప్పుకుని మంచమెక్కాడు. ఒకరికి ఆవిరి పట్టడానికి నీళ్లు, ఒకరికి మిరియాల చారు. పొయ్యి ఆరకుండా అయింది. వాళ్లిద్దరూ తేరుకునేసరికి లతకు ముక్కు కారడం మొదలైంది. ఆమెకు నీళ్లు కాచేవాళ్లు లేరు.

అదే రోజు మహేశ్ ఫోన్ చేశాడు. "లతా, చర్చోళ్లు సెమీ క్రిస్మస్‌కు హాలు బుక్ చేసిండ్రు. మూఢం వాళ్లకేం లేదు గదా. నీ లీవు తర్వాత చూద్దాం."

"సార్, మా వదినెతోని పోదామని అనుకున్న..."

"ఒక్క ప్రోగ్రామే గదనే," అని పెట్టేశాడు.

శాంత ఆగలేదు. ఆగమని లత కూడా అనలేకపోయింది. పక్కింటివాళ్లతో కలిసి ఫ్రీ బస్సెక్కి పోయింది. సాయంత్రానికల్లా మెట్ల మీద నవ్వుతూ దిగిన ఫొటోలు పంపింది. లత వాటిని చూసి ఫోన్‌ను బియ్యం డబ్బా మీద బోర్లించింది.

మర్నాడు పొద్దున బయట మంచు. నడకకని లత చెప్పులేసుకుంటుంటే రాజమల్లు మంచంలోంచే అడ్డుపడ్డాడు. "సర్ది వెట్టుకొని గీ చలిల ఏడికే? పండుకోరాదు."

"పండుకుంటె చాయ్ నువ్వు వెడ్తవా?"

అతను దుప్పటి మీదికి లాక్కున్నాడు.

లత బైపాసు వైపు పోకుండా నేరుగా హాలుకు పోయింది. తలుపులు వేసి ఉండటంతో లోపల వెచ్చగానే ఉంది. లైట్లు వేసి గోడల వెంబడి నడవసాగింది. ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీలుస్తోంది. దగ్గొచ్చినప్పుడల్లా నిలబడి, తగ్గాక మళ్లీ నడుస్తోంది. ఒంటరిగా నాలుగు గోడల మధ్య తిరుగుతుంటే సుఖమేమీ అనిపించలేదు. కోపంతోనే తిరిగింది.

ఫోన్ మోగింది. మహేశ్. "సీసీ కెమెరాల చూస్తున్న. పొద్దుపొద్దుగాల లైట్లన్ని ఏసుకొని ఏం తిరుగుతున్నవ్?"

"నడుస్తున్న సార్. డాక్టరమ్మ నడువుమన్నది."

"గొంతంత సర్ది గొట్టింది, నడుసుడేంది? ఇంటికి పోయి రెస్ట్ తీస్కో."

లతకు ఎక్కడలేని మంట పుట్టింది. "సర్దితోటి నడువద్దు గాని, సర్దితోటి హాలంత కడుగచ్చా సార్?"

"లైట్లు రెండు బంద్ చెయ్యి," అన్నాడు మహేశ్. సెలవు మాట మాత్రం ఎత్తలేదు.

ప్రోగ్రాం నాటి పొద్దున, హాలు అలంకరించడానికి చర్చి సంఘం తరఫున కృపారాణి వచ్చింది. ఆమె అంగన్‌వాడీ టీచరు. మెడకు మఫ్లరు, గొంతు లత గొంతుకన్నా బొంగురు. నడుస్తున్న లతను చూసి విషయం అడిగింది. విన్నాక రంగుకాగితాలు కుర్చీలో పడేసి పక్కన నడవడం మొదలుపెట్టింది.

"మాతోని నీ సెలవు వాయె అక్కా," అంది. "మేం గూడ హాలు కావాలని అనుకోలే. ఏటా వాడ వాడ తిరిగి పాటలు పాడుతం. నాకైతె గదే పండుగ. ఈసారి అందరికి దగ్గులేనాయె, చలిల తిరుగుడు వద్దన్నరు మా పాస్టరు అయ్యగారు. హాల్ల కూసోని పాడాల్నట."

"కూసోని పాడుడు పాడినట్టుంటదా?"

"ఉండదక్కా. కాళ్లు గుంజుతయి."

సాయంత్రం ప్రార్థన అయింది, కేకు పంచారు, భోజనాలకు ఇంకా టైముంది. కృపారాణి నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని, అయ్యగారు చూడకుండా పక్క తలుపు దాకా వచ్చింది. ప్లేట్లు తుడుస్తున్న లతను పిలిచింది. "ఈ రెండు వాడలే తిరిగొస్తం. అస్తవా అక్కా?"

"నాకు మీ పాటలు రావు."

"నడుసుడు అస్తది గదా."

లత కొంగుతో చేతులు తుడుచుకుని బయటికొచ్చింది. చలి ముఖానికి తగిలింది. వాళ్లు పాడుతూ, మధ్యమధ్య దగ్గుతూ నడిచారు. ఒకరికి దగ్గొస్తే ఇంకొకరు పాట అందుకున్నారు. లత అందరికన్నా ముందు నడిచింది. తమ వాడలోకి తిరిగినప్పుడు రాజమల్లు గుమ్మంలోకి వచ్చి నోరు తెరుచుకుని చూశాడు. "నువ్వేందే వీళ్లల్ల?" అన్నాడు.

"నడుస్తున్న," అంది లత, ఆగకుండానే.

హాలుకు తిరిగొచ్చేసరికి అయ్యగారు గుమ్మంలో ఉన్నారు. కృపారాణికి నాలుగు చీవాట్లు పడ్డాయి. లత ప్లేట్ల దగ్గరికి పోయింది. ఆ రాత్రి దగ్గు ఇంకాస్త ఎక్కువైంది. తెల్లారి లేచి చూస్తే అజయ్ చాయ్ పెట్టి ఉంచాడు, చక్కెర మరిచిపోయాడు. అది తాగి హాలు కడగడానికి పోయింది. అన్నం మెతుకులు ఎండి నేలకు అంటుకున్నాయి. సెలవు గురించి అడగాలని మహేశ్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది.