మూత వేస్తే తెగే మాట

నేను ఒక మడత ఫోనును. పై రేకు, కింది రేకు, రెండింటినీ కలిపే చిన్న బందు. ఆ బందు లోపలి నుంచి కాగితమంత పలుచని రిబ్బన్ తీగ ఒకటి దూరి వెళ్తుంది. బొమ్మ కనిపించే తెర, మాట వినిపించే స్పీకరు పై రేకులో ఉన్నాయి. అంకెల మీటలు, మాట అందుకునే మైకు కింది రేకులో. తీగ తెగితే నా పై సగం చచ్చిపోతుంది. కింది సగం మాత్రం బతికే ఉంటుంది. ఈ సంగతి తెలిసే పుట్టాను కనుక, పుట్టినప్పటి నుంచీ నాకు భయమే.

నన్ను చేసిన చోట ఒక యంత్రం ఉండేది. దానికి ఇనుప వేలు ఒకటి. ప్రతి వందలోనూ ఒక ఫోనును దాని ముందు పెట్టేవారు. అది మూత తెరిచేది, మూసేది, తెరిచేది, మూసేది. నా పక్క అరలోని ఫోనును అలాగే తీసుకెళ్లారు. మూడో రోజు దాని తెర ఆరిపోయింది. చేతికి తొడుగులు వేసుకున్న అమ్మాయి ఒక కాగితం మీద ఏదో రాసుకుని, "బాగానే ఓర్చింది" అన్నట్టు తలూపింది. నన్ను మెత్తటి పెట్టెలో పెట్టి మూసింది. ఆ చీకట్లో నేను నా తీగ గురించే ఆలోచిస్తూ ప్రయాణం చేశాను.

పెట్టె తెరిచింది అంజద్ భాయ్. మండల కేంద్రంలో, బస్టాండు పక్కన ఆయన సెల్‌ఫోన్ల దుకాణం. నాది దానిమ్మ గింజ రంగు. నన్ను అద్దాల బల్లలో ముందు వరుసలో నిలబెట్టాడు. "మామూలు ఫోను కాదన్నా, స్టైల్ ఫోను" అనేవాడు వచ్చిన ప్రతివాడితో. వచ్చిన ప్రతివాడూ నన్ను తెరిచి, మూసి, ఆ చప్పుడు విని నవ్వి, మళ్లీ తెరిచి, చివరికి ఇంకో ఫోను కొనుక్కుని పోయేవాడు. ఎవరికీ ఏమీ పోలేదు. నా తీగ మాత్రం అరిగింది.

మొదట కొన్నవాడు విద్యాసాగర్. పెళ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్సు అతనిది. బొటనవేలితో ఒక్క తోపుతో నన్ను తెరవడం నేర్చుకోవడానికి అతనికి ఒక ఆదివారం పట్టింది. ఆ తరువాత టైము చూడటానికి తెరిచాడు, ఊసుపోక తెరిచాడు, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే వాళ్ల కళ్ల ముందు తెరిచాడు. కానీ నా బయటి రేకు మీద తెర లేదు. ఎవరు చేశారో చూడాలంటే తెరవాలి. తెరిస్తే మాట కలిసిపోతుంది. ఒకరోజు హోటల్లో బిర్యానీ ముందు కూర్చుని, ఎవరో గిరాకీ అనుకుని తెరిచాడు. అవతల భార్య. "పథ్యం ఉన్ననన్నవు గద, గా గిన్నెల చప్పుడు ఏంది?" అంది. రెండు నెలలు తిరక్కముందే నన్ను అంజద్ బల్ల మీద పెట్టి, "దీని మూత లూజు" అన్నాడు. లూజు చేసింది ఎవరో చెప్పలేదు.

అంజద్ నన్ను తుడిచి మళ్లీ అమ్మాడు. ఈసారి కొన్నవాడు బీరయ్య. గొర్రెల కాపరి. ఎక్కువ మాట్లాడడు. అతని దగ్గర టార్చిలైటు ఉన్న మామూలు ఫోను ఉంది. నన్ను కొన్నది భార్య బాలవ్వ కోసం.

"మూత ఉన్నది గద. పని చేసుకుంట ఉంటే మీటలు ఒత్తుకపోవు" అన్నాడు.

బాలవ్వకు చదువు రాదు. అందుకే అంజద్ చేత రెండో అంకెకు తన నెంబరు కట్టించాడు. రెండు నొక్కి పట్టుకుంటే చాలు, బీరయ్య ఫోను మోగుతుంది. బాలవ్వకు తెలిసిన ఫోను విద్య అదొక్కటే.

ఊరి చివర వాళ్ల ఇల్లు. బాలవ్వ పగలంతా గొంగళ్లకు ఉన్ని వడుకుతుంది. ఆమె చేతులకు గొర్రె జిడ్డు, కొంగు నిండా ఉన్ని నూగు. వడికిన నూలు కండెల బుట్టలో నన్ను పెట్టేది. నూగు నా బందులోకి దూరి, చుట్టుకుని, తీగను ఒరుస్తూ ఉండేది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె అత్త సత్తెవ్వకు చెవులు వినపడవు. అయినా రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది. నన్ను చూసి మొదటిరోజే, "సున్నం డబ్బ లెక్క మంచిగున్నదే, పిల్లా" అంది. ఆ ఇంట్లో మూత ఉన్న దేన్నీ తెరిచి ఉంచరు. సున్నం ఎండిపోతుంది, పాలల్లో నలుసు పడుతుంది. బాలవ్వ మాట ముగియగానే, ఒక్కోసారి ముగియకముందే, నన్ను టక్కున మూసేసేది. మూస్తే మాట తెగుతుంది. బీరయ్య దానికి అలవాటుపడ్డాడు.

ఆ ఏడు వానాకాలంలో బీరయ్య మందను వాగు నడిమి మిట్ట మీదికి తోలుకెళ్లాడు. వాగు అక్కడ రెండు పాయలుగా చీలుతుంది. నడుమ ఒక రైతు చెలక. ఎరువు కోసం చేలో గొర్రెలను ఆపుకుంటారు. వారం రోజులు అక్కడే మంద. ఈనిన గొర్రెల పిల్లలను పగలు వెదురు గంపల కింద కప్పి ఉంచుతారు.

ఆరో రోజు, పొద్దు వాలుతోంది. మా మీద చినుకు లేదు. ఆకాశం తెల్లగా ఉంది. పంచాయతీ ఆఫీసు మైకు గరగరలాడింది.

"ఇనుండ్రి, ఇనుండ్రి. పైన పెద్ద చెరువు కట్ట తెగింది. వాగుకు నీళ్లు వస్తున్నయి. ఎవ్వరు వాగుల దిగొద్దు."

బాలవ్వ చేతిలోని కదురు కిందపడింది. బుట్టలో చెయ్యిపెట్టి నన్ను లాగింది. తెరిచింది.

అప్పుడే తెగింది. చప్పుడు కూడా కాలేదు. నూగు ఒరిసి ఒరిసి దారమంత మిగిలిన తీగ ఆ ఒక్క లాగుకు విడిపోయింది. నా తెర నల్లబడింది.

బాలవ్వ నల్ల తెర చూసింది. రెండు నొక్కి పట్టుకుంది. నా కింది సగం పనిచేసింది. అవతల ఫోను మోగింది. బీరయ్య ఎత్తాడు. "ఆఁ, చెప్పు" అన్నాడు. ఆ మాట నా దాకా వచ్చింది, తెగిన చోట ఆగిపోయింది. బాలవ్వ చెవికి నిశ్శబ్దమే. ఫోను కలవలేదనుకుని మూసింది. మాట తెగింది. మళ్లీ తెరిచింది, నొక్కింది. "ఏందే, చెప్పు" అన్నాడు బీరయ్య. మూసింది. మూడోసారీ అంతే. నన్ను దులిపింది, తొడకేసి కొట్టింది, మళ్లీ మూసింది. మూయకు తల్లీ, మూయకు అని అరవడానికి నాకు గొంతు లేదు. ఉన్నదంతా ఇతరుల గొంతే.

"అత్తమ్మా, ఫోను సచ్చిపోయింది!" అని బాలవ్వ సత్తెవ్వ ముందు కూలబడింది. నన్ను చూపించి, చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. వాగు వైపు చూపించి ఏడ్చింది. ముసలామెకు మైకు వినపడలేదు గానీ కోడలి ముఖం అర్థమైంది.

"ఇనరాకపోతే ఏందే? నాకు ఇనొస్తదా? నేను మాట్లాడుతలేనా? నువ్వు చెప్పేది చెప్పు!" అని కసిరింది. నా మూత మీద తన ముడతల చెయ్యి వేసి, మూయనీయకుండా పట్టుకుంది.

బాలవ్వ రెండు నొక్కింది. లోలోపల అంకెలు లెక్కపెట్టుకున్నట్టు కొంచెం ఆగింది. చెప్పడం మొదలుపెట్టింది.

"నీళ్లు వస్తున్నయి. చెరువు తెగింది. మందను బడిదిక్కు ఒడ్డుకు తోలు. జల్ది తోలు."

"ఇక్కడ వాగు ఎండే ఉన్నది గదనే" అన్నాడు బీరయ్య.

"ఎండి ఉన్నదని సూడకు. పైనుంచి వస్తున్నది. తోలు."

అవతల ఈల వినిపించింది. డెక్కల చప్పుడు ఇసుక మీద పడింది. గొర్రెలు అరిచాయి. కొంతసేపటికి బీరయ్య రొప్పుతూ, "మంద ఒడ్డెక్కింది. పిల్లలు గంపల కింద ఉన్నయి, ఆరు. ఉరికి పోయొస్త" అన్నాడు.

అవతల దూరంగా, కొండరాళ్లు దొర్లుతున్నట్టు మోత వినిపిస్తోంది. బీరయ్యకు అది గొర్రెల అరుపుల్లో కలిసిపోయింది. నాకు విడిగా తెలుస్తోంది. నాకు తెలిసి ఏం లాభం?

బాలవ్వ కళ్లు మూసుకుంది.

"గంపల కాడికి పోతున్నవా? పోకు. పిల్లలను ఇడిసిపెట్టు."

అవతల అడుగులు ఆగాయి.

"ఆరే గదనే..."

"ఒక్కటున్నా పోకు. నిలవడకు. ఎన్కకు తిరుగు, ఒడ్డెక్కు. నా మీద ఒట్టు."

మోత దగ్గరికొచ్చింది. బీరయ్య మెల్లగా అన్నాడు.

"సరే తియ్. నువ్వు చెప్పినట్టే."

అడుగులు వెనక్కి తిరిగాయి. పరుగు. వెంటనే మోత అంతా మింగేసింది. లైను పోయింది. బాలవ్వకు అదీ తెలియదు. "ఒడ్డెక్కినవా? ఎక్కినవా?" అని తెల్లవారేదాకా అడుగుతూనే ఉంది. ముసలామె చెయ్యి నా మూత మీద నుంచి కదలలేదు. ఆ రాత్రి భయం ముందు నా తీగ భయం ఏపాటిది!

పొద్దున వంతెన చుట్టు తిరిగి బీరయ్య వచ్చాడు. మంద వచ్చింది. గంపలూ పిల్లలూ రాలేదు. పొదుగులు బరువెక్కిన ఆరు గొర్రెలు వాగు వైపే తిరిగి అరిచాయి. బాలవ్వ చెంబుతో నీళ్లిచ్చింది.

రెండు రోజుల తరువాత ఇద్దరూ నన్ను అంజద్ దగ్గరికి తెచ్చారు. అంజద్ నా మరలు విప్పి, ఉన్ని నూగు చుట్టుకున్న తీగ ముక్కను పట్టకారుతో లాగి చూపించాడు.

"తెగిపోయిందన్నా. గీ తీగ ఇప్పుడు దొరకది. దీంట్లకెళ్లి ఒక్క ముచ్చట కూడ ఇనరాదు."

"ఇనొచ్చింది" అన్నాడు బీరయ్య. "నేను పిల్లలంటే, ఈమె ఇడిసిపెట్టు అన్నది. ఆరే అంటే, ఒక్కటున్నా పోకు అన్నది."

"నాకేం ఇనరాలే" అంది బాలవ్వ.

"మరి నేను గంపల కాడికి పోతున్ననని ఎట్ల తెల్సింది?"

"గా యాల్లకు నువ్వు గంపల కాడికి గాక ఇంకేడికి పోతవు?"

అంజద్ నవ్వబోయి ఆగాడు. బీరయ్య బల్ల అద్దం మీద చూపుడువేలితో కాసేపు గీతలు గీశాడు.

"ఆఖరుకు నేను ఏమన్ననో గదీ తెల్సా?"

"తెల్వకేం. తిట్టి ఉంటవు."

బీరయ్య నా నల్లని తెర వైపు ఒక్కసారి చూశాడు.

"ఆఁ. తిట్టిన" అన్నాడు.

అంజద్ వాళ్లకు మూత లేని ఫోను ఒకటి ఇచ్చి, నన్ను మరలు బిగించకుండానే పాత సామాను సొరుగులో వేశాడు. ఇక నన్ను ఎవరూ తెరవరు, మూయరు. తెగడానికి ఏమీ మిగల్లేదు. అయినా పైన బల్ల దగ్గర ఎవరైనా మడత ఫోనును టక్కున మూసినప్పుడల్లా, అవతలి మనిషి చెప్పడం అయిపోయిందో లేదో అని నా కింది సగం ఉలిక్కిపడుతూనే ఉంటుంది.