బిందెల బృందం

"పై నెల నుంచి సమితి వస్తోందే," అన్నాడు పోలిరాజు గుమ్మంలో చెప్పులు విడుస్తూ. జూటు మిల్లు హోరులో సగం అరిగిపోయిన జగ్గమ్మ చెవికి ఆ సమితి కాస్తా సవితై చేరింది.

"ఎవర్తది? ఏ ఊరిది?"

"ఒక్కూరిది కాదే, ఐదూళ్లదీ."

గరిటె పైకి లేచింది. అప్పుడు గానీ మొగుడు గబగబా విప్పి చెప్పలేదు: వాళ్లు కూలికి వలసొచ్చిన బెంగాలీ పట్నం బడ్జ్ బడ్జ్‌నీ పక్కనున్న నాలుగూళ్లనీ కలిపి కట్టిన ఉమ్మడి సమితి. నీళ్లు, దీపాలు, చెత్త ఇక దాని చేతిలోనే.

"మన మిల్లు ఇళ్ల లైన్లో కుళాయి పీకేసి రైలుకట్ట అవతల పెద్దది యేస్తారట. వద్దనేవోళ్లు మంగళారం పొద్దున్న మీటింగుకి రావాల. సగం ఇళ్లోళ్లయినా లేకపోతే పీకేత్తారు."

"మంగళారం పొద్దున్న లైనంతా మిల్లులో ఉంటాదని ఆళ్లకి తెలీదేటి?"

"తెలిసే పెట్టుంటారు."

"అయితే సవితే నయం. కూసింత నీళ్లయినా మోసేది."

సమితి మితి మీరింది. కుళాయి పోతే లైను కులాసా పోతుంది. పట్టాలు దాటి నీళ్లు మోసిన నడుము మళ్లీ మగ్గం ముందు నిలబడదు. జగ్గమ్మ నాగా పెట్టి, తోపుడుబండి మీద ఇంటికో బిందె వేసుకుని మీటింగుకెళ్లి, కుర్చీకో బిందె కూర్చోబెట్టింది.

అధ్యక్షుడు గోపీనాథ్ లోపలికొచ్చి ఆగిపోయాడు. "మనుషులేరీ, దీదీ?"

"కూకున్నారు గదా, దాదా."

పక్కనున్న అధికారి నవ్వాడు. "బిందెలు మనుషులా?"

జగ్గమ్మ అతని వైపు చూడనైనా లేదు. వెనక వరసల్లో ఉన్న నాలుగూళ్ల ఆడవాళ్ల వైపు తిరిగి, తెలుగు కలిసిన బెంగాలీలో గొంతెత్తింది.

"మీరు సెప్పండమ్మా. తెల్లారి కుళాయి కాడ బిందె పెట్టి పనికెళ్తే, ఆ సోటు మనిషిదా కాదా?"

"మనిషిదే," అందొకామె. "జరిపినోళ్ల జుట్టు మిగల్దు మా ఊళ్లో."

హాలంతా ఔనంది. గోపీనాథ్ చెమట తుడుచుకున్నాడు. బిందె మనిషి కాదన్నాడంటే రేపు ఐదూళ్ల కుళాయిల దగ్గరా కురుక్షేత్రమే. "హాజరు వేసుకోండి," అన్నాడు గుమాస్తాతో.

బిందెల మీద చుక్కలుగా చెక్కిన తెలుగు పేర్లు గుమాస్తాకి కొరుకుడు పడలేదు. జగ్గమ్మ ఒక్కో బిందె మీదా చెయ్యి వేసి చెప్పుకుపోయింది: అమ్మన్నమ్మ, పున్నమ్మ, రోజమ్మ, తబితా... సగం దాటి చాలా దూరం పోయింది లెక్క. కుళాయి కదలదని గోపీనాథ్ నోటితోనే అనిపించింది.

"ఇందులో మీ బిందె ఏది?" అన్నాడు అధికారి, నవ్వడం మానేసి.

"నాను వచ్చాను గదా, నా బిందెకి ఇక్కడేటి పని?" అంది జగ్గమ్మ అందరికీ వినపడేలా. "అది కుళాయి కాడ వరసలో ఉంది."